వేప చేదులో మేలును వెతికిన శాస్త్రవేత్త డాక్టర్ సలీముజ్జమాన్ సిద్దీఖీ



మా బొంరాస్‌పేట వైపు ఏ ఊరికి వెళ్లినా ఇంటి ముందరో, బావి గట్టునో, మస్జిద్ ఆవరణలోనో ఒక వేపచెట్టు కనబడకుండా ఉండదు. మా పల్లెల్లో దాన్ని యాపచెట్టు అంటాము. ఎండాకాలం దాటి వానలు మొదలయ్యే రోజుల్లో దాని పండ్లు రాలి వాకిలంతా పరచుకుంటాయి. కొన్ని ఇళ్లలో తెల్లవారగానే చీపురుతో ఊడ్చి కుప్పలో పారబోస్తారు. మరికొన్ని ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు కూర్చుని వాటిని ఏరి, గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టి దాచుకుంటారు. కంది చేనుకు పురుగు పట్టినప్పుడు ఆ గింజలే మందు అవుతాయి. చెట్టు ఒక్కటే, పండు ఒక్కటే. ఒక ఇంట్లో అది చెత్త, పక్కింట్లో అది మందు. ఈ తేడాకు కారణం ఒక్కటే, అదే జ్ఞానం.

సృష్టికర్త మొక్కల్లో దాచిన మేలును చెడగొట్టకుండా బయటికి తీయడం ఎలా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే దాదాపు డెబ్భై ఏళ్ల జీవితాన్ని గడిపిన ఒక శాస్త్రవేత్త గురించి ఈ నెల మీకు పరిచయం చేయదలిచాము. ఆయన పేరు డాక్టర్ సలీముజ్జమాన్ సిద్దీఖీ. మన పెద్దల్లో హకీమ్ అజ్మల్ ఖాన్ పేరు విననివారు తక్కువ. కానీ ఆ హకీమ్ సాహెబ్ పేరును ఒక మందు పేరుగా మార్చి, ప్రపంచంలోని ఆసుపత్రులకు చేర్చిన ఈ శిష్యుని గురించి మన ఇళ్లలో తెలిసినవారు చాలా తక్కువ.

బాల్యం, విద్యాభ్యాసం

సలీముజ్జమాన్ సిద్దీఖీ 1897 అక్టోబరు 19న నేటి ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లా సుబేహా గ్రామంలో జన్మించారు. ఆయన అన్నగారు చౌదరీ ఖలీఖుజ్జమాన్ ఆ కాలంలో పేరుపొందిన రాజకీయ నాయకులు. సలీముజ్జమాన్ మనసు మాత్రం రాజకీయాల వైపు పోలేదు. లక్నోలో చదువుకునే రోజుల నుంచే ఆయనకు కవిత్వం మీద, అందమైన చేతిరాత మీద, బొమ్మలు గీయడం మీద ఎక్కువ ఇష్టం ఉండేది. తర్వాత అలీగఢ్‌లోని మహమ్మడన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో చేరి, 1919లో తత్వశాస్త్రం, ఫారసీ విషయాలతో పట్టభద్రులయ్యారు.

ఇక్కడ మన పిల్లలు గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ శాస్త్రవేత్త కళాశాలలో చదివినది రసాయన శాస్త్రం కాదు. 1920లో వైద్యం చదవడానికి లండన్‌కు వెళ్లారు. ఒక సంవత్సరం గడిచాక, 1921లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయానికి మారి రసాయన శాస్త్రంలో చేరారు. పరాయి దేశం, పరాయి భాష, పూర్తిగా కొత్త విద్య. అయినా వెనుకంజ వేయలేదు. ప్రొఫెసర్ జూలియస్ ఫాన్ బ్రౌన్ దగ్గర పరిశోధన చేసి 1927లో డాక్టరేటు పొందారు. బొగ్గుతో గీసిన ఆయన చిత్రాల ప్రదర్శన కూడా అదే ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జరిగింది. చదువు ఆలస్యమైందనో, మొదట పట్టిన దారి మారిందనో నిరాశపడే యువకులకు ఆయన జీవితంలోని ఈ భాగమే మంచి ధైర్యం.

హకీమ్ సాహెబ్ కన్న కల

ఆ రోజుల్లో ఢిల్లీలో హకీమ్ అజ్మల్ ఖాన్ పేరు ఇంటింటా వినబడేది. 1868లో పుట్టిన ఆయన యూనానీ వైద్యంలో తమ వంశానికే కాక దేశానికే పేరు తెచ్చారు. ప్రజలు ఆయనను మసీహుల్ ముల్క్ అని పిలిచేవారు. 1920లో స్థాపించిన జామియా మిల్లియా ఇస్లామియాకు మొదటి ఛాన్సలర్ ఆయనే. ఆయుర్వేదాన్నీ, యూనానీని ఒకే కప్పు కింద నేర్పించాలని ఢిల్లీలో ఆయన నెలకొల్పిన తిబ్బియా కళాశాలను 1921లో మహాత్మా గాంధీ ప్రారంభించారు.

హకీమ్ సాహెబ్‌ను ఒక బాధ వెంటాడుతూ ఉండేది. పాశ్చాత్య వైద్యులు మన మూలికలను నాటు మందులని తీసిపారేసేవారు. మన హకీములలో కొందరేమో తమకు తెలిసినదాన్ని పరీక్షకు పెట్టడమే అవమానంగా భావించేవారు. వాళ్ల ఎగతాళి, వీళ్ల మొండితనం ఈ రెండింటి మధ్య వందల ఏళ్ల అనుభవం మట్టిలో కలిసిపోతుందేమోనని ఆయన భయం. మన మందులను మనమే ప్రయోగశాలలో పరీక్షించాలి, నిలిచినదాన్ని లోకానికి చూపాలి, నిలవనిదాన్ని నిజాయితీగా వదిలేయాలి. ఇదీ ఆయన కల. ఆ కలను చేతల్లో పెట్టే పని సలీముజ్జమాన్ భుజాల మీద పడింది. తిబ్బియా కళాశాలలో పరిశోధనా సంస్థను నడిపించే బాధ్యత ఆయనకు అప్పగించారు.

కానీ ఆ పని ఇంకా నిలదొక్కుకోక ముందే, 1927 డిసెంబరు 29న హకీమ్ సాహెబ్ కన్నుమూశారు. చేయి పట్టి నడిపించవలసిన పెద్దదిక్కు లేకుండా పోయింది. జర్మనీలో చదివి వచ్చిన యువకునికి మరోచోట ఉద్యోగం దొరకడం కష్టమయ్యేది కాదు. అయినా ఆయన 1940 వరకు అక్కడే ఉండి, గురువు ఒప్పగించిన పనిని కొనసాగించారు. పెద్దలు లేనప్పుడు కూడా వాళ్లకిచ్చిన మాట నిలుపుకోవడమే అసలైన విధేయత అని మేము భావిస్తాము.

ఖిసాందా, జోషాందా, అర్క్

ఆయన చేసిన పని అర్థం కావాలంటే ముందు మన ఇళ్లలోని పాత పద్ధతులను ఒకసారి గుర్తు చేసుకోవాలి. జలుబు చేస్తే జోషాందా కాచి తాగడం మన ముస్లిం కుటుంబాల్లో అందరికీ తెలిసిందే. మూలికలను నీళ్లలో వేసి మరగించడమే జోషాందా. మరగించకుండా, చల్లని లేదా గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టి, తెల్లవారి వడకట్టి తాగేది ఖిసాందా. ఇక ఆవిరి పట్టి, ఆ ఆవిరిని చల్లార్చి బొట్టు బొట్టుగా సేకరించేది అర్క్. గులాబీ నీరు తయారయ్యేది ఇలాగే. ఆవిరి పట్టే ఆ పాత్రను అరబీలో అంబీఖ్ అంటారు. యూరప్ భాషల్లో ఆ పాత్రకున్న పేరు కూడా ఈ మాట నుంచే వెళ్లింది. తొమ్మిదవ శతాబ్దంలో అల్ కిందీ సుగంధాల తయారీ గురించి ఒక గ్రంథమే రాశారు.

ఒకే మూలికకు ఇన్ని పద్ధతులెందుకు? హకీములకు అనుభవం మీద ఒక సంగతి తెలుసు. అన్ని మూలికలూ నిప్పుకు ఓర్చుకోలేవు. గట్టి వేరుకు, బెరడుకు మంట కావాలి. మెత్తని పువ్వుకు, ఆకుకు మంట తగిలితే వాసన పోతుంది, గుణం పోతుంది. కాబట్టి మొక్క స్వభావాన్ని బట్టి పద్ధతి ఎంచుకోవాలి. నేటి శాస్త్రవేత్తలు పెద్ద పెద్ద యంత్రాలు పెట్టుకుని చెబుతున్నది కూడా ఇదే. వేడి ఎంత తక్కువైతే, విషపు ద్రావకాలు ఎంత తక్కువైతే, మొక్కలోని మేలు అంత చెక్కుచెదరకుండా చేతికొస్తుంది. గాలికి, నీటికి హాని కూడా అంత తగ్గుతుంది.

సర్పగంధి వేరులో దొరికిన నిధి

సలీముజ్జమాన్ తన పరిశోధనకు ఎంచుకున్న మూలికలలో ముఖ్యమైనది సర్పగంధి. యూనానీలో దీన్ని అస్రోల్ అంటారు. ఉత్తర భారతంలో సామాన్య ప్రజలు పాగల్ కీ దవా అనేవారు. మతి చలించినవారికి, నిద్ర పట్టనివారికి, పాము కాటుకు దీని వేరు వాడేవారు. ఇది నిజంగా పనిచేస్తుందా? పనిచేస్తే వేరులోని ఏ పదార్థం వల్ల? ఇది హకీమ్ సాహెబ్ వదిలి వెళ్లిన ప్రశ్న.

ఇలాంటి వేర్లలోని మందు పదార్థాలను ఆల్కలాయిడ్లు అంటారు. వాటిని బయటికి తీసే పద్ధతిని మేము సులభంగా చెప్పే ప్రయత్నం చేస్తాము. వేరును ఎండబెట్టి పొడి చేస్తారు. ఆ పొడిని ఆల్కహాల్ వంటి ద్రవంలో నానబెడితే, వేరులోని సారం అందులోకి దిగుతుంది. ఆ ద్రవాన్ని తొలగించి, మిగిలిన సారానికి పలుచని ఆమ్లం కలుపుతారు. అప్పుడు ఆల్కలాయిడ్లు నీటిలో కరిగి, మైనం, రంగు వంటివి పక్కకు వస్తాయి. తర్వాత ఆ నీటిలో క్షారం కలిపితే ఆల్కలాయిడ్లు తేలి వస్తాయి. వాటిని మళ్లీ మళ్లీ శుద్ధి చేస్తే చివరికి స్ఫటికాలు ఏర్పడతాయి. చెప్పడానికి నాలుగు మాటలే. చేయడానికి మాత్రం నెలలు పడుతుంది. తొందరపడి మంట పెంచితే సారం పాడవుతుంది. ఓపికే ఇక్కడ అసలు పనిముట్టు.

1931లో ఆయనకు సర్పగంధి వేరు నుంచి స్వచ్ఛమైన స్ఫటికాలు లభించాయి. కొత్త పదార్థానికి పేరు పెట్టే హక్కు దాన్ని కనుగొన్నవారిదే. ఆయన దానికి తన పేరు పెట్టుకోలేదు. అప్పటికి నాలుగేళ్ల కిందట కన్నుమూసిన తన పెద్దదిక్కును తలచుకుని అజ్మలీన్ అని పేరు పెట్టారు. తర్వాత అదే వేరు నుంచి అజ్మలిసిన్, సర్పెంటైన్ మొదలైన మరికొన్ని పదార్థాలను కూడా వేరుచేశారు.

అజ్మలీన్ గుండె లయ మీద పనిచేస్తుందని తర్వాత తెలిసింది. ఈనాడు కూడా బ్రుగాడా సిండ్రోమ్ అనే అరుదైన గుండె జబ్బును గుర్తించడానికి కొన్ని దేశాల ఆసుపత్రుల్లో వైద్యులు అజ్మలీన్ ఇంజెక్షన్‌తో పరీక్ష చేస్తారు. ఎక్కడో యూరప్‌లోని ఒక వైద్యుడు ఆ పేరు పలికినప్పుడల్లా, తనకు తెలియకుండానే ఢిల్లీ హకీమ్ సాహెబ్‌ను తలుస్తున్నాడు. గురువు రుణం తీర్చుకోవడానికి ఇంతకన్న మంచి మార్గం ఏముంటుంది?

పక్కన పెట్టిన మడ్డి

ఈ కథలో మనకు మరో పాఠం కూడా ఉంది. 1931లోనే గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే వైద్యులు సర్పగంధి రక్తపోటును తగ్గిస్తుందని రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల అనుభవాన్ని బ్రిటన్‌లోని గుండె వైద్య పత్రికలో ప్రచురించడంతో ప్రపంచమంతా ఈ వేరు వైపు చూసింది. కానీ రక్తపోటును తగ్గించే గుణం అజ్మలీన్‌లో అంతగా లేదు. మరి వేరులో ఆ పని చేస్తున్నదేమిటి?

స్ఫటికాలన్నీ తీసుకున్నాక మిగిలే జిగురు మడ్డిని పరిశోధకులు సాధారణంగా పక్కన పెట్టేవారు. స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు ఆ మడ్డినే పరీక్షించారు. 1952లో అందులో నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. రక్తపోటుకు, మానసిక రోగాలకు ఆ కాలంలో అది చాలా గొప్ప మందు అయింది. వేరు మన దేశానిది, అనుభవం మన వైద్యులది, పునాది వేసిన పని సలీముజ్జమాన్‌ది. చివరి ఫలం మాత్రం మరొకరికి దక్కింది. మేలు ఎక్కడ దాగి ఉంటుందో మనకు ముందుగా తెలియదు. పనికిరానిదని మనం పక్కన పెట్టినదాంట్లోనే అది ఉండవచ్చు. జ్ఞానం విషయంలో ఎంతటివారికైనా ఈ వినయం అవసరమని ఈ సంఘటన గుర్తు చేస్తుంది.

వేపచెట్టు నీడలో

1940లో ఆయన తిబ్బియా కళాశాల వదిలి, అప్పుడే ఏర్పడుతున్న ప్రభుత్వ శాస్త్ర పరిశోధనా వ్యవస్థలో చేరారు. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆవరణలోని ప్రయోగశాలలో ఆయన దృష్టి వేప మీద పడింది. వేప పుల్లతో పళ్లు తోముకోని పల్లె లేదు. అమ్మవారు సోకిన పిల్లలకు వేపాకు పరవని ఇల్లు లేదు. ధాన్యంలో వేపాకు వేయని గాదె లేదు. అంత దగ్గరి చెట్టు కావడం వల్లనే కాబోలు, దాని చేదులో ఏముందో లోతుగా చూసినవారు తక్కువ.

ఆయన వేపనూనెను తీసుకుని ఒక్కొక్క ద్రావకంతో వరుసగా కడుగుతూ వెళ్లారు. ఈథర్, పెట్రోలియం ఈథర్, ఇథైల్ ఎసిటేట్, పలుచని ఆల్కహాల్. ఒక్కొక్కటి తనకు తగినదాన్ని మాత్రమే కరిగించుకుంటుంది. ఒకే మూటలోని గింజలను రకరకాల జల్లెడలతో వేరుచేసినట్లు అన్నమాట. 1942లో ఆయన మూడు చేదు పదార్థాలను లోకానికి చూపించారు. వాటి పేర్లు నింబిన్, నింబినిన్, నింబిడిన్. వేపనూనెలోని చేదులో ఎక్కువ పాలు నింబిడిన్‌దేనని, సూక్ష్మక్రిములను అణచే గుణం ముఖ్యంగా దానిదేనని ఆయన గుర్తించారు. వేప మీద నేడు ప్రపంచమంతటా జరుగుతున్న రసాయన పరిశోధనకు ఆ మూడు పేర్లే మొదటి మెట్టు.

ఆ మెట్టు ఎక్కి మరికొందరు పైకి వెళ్లారు. 1959లో సూడాన్‌లో మిడతల దండు పడి పచ్చదనమంతా మేసినప్పుడు వేపచెట్లు మాత్రం మిగిలిపోవడాన్ని ఒక జర్మన్ శాస్త్రవేత్త గమనించారు. 1968లో ఇంగ్లండ్ పరిశోధకులు వేప గింజల నుంచి అజాడిరక్టిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. పురుగును తిండి తిననివ్వకుండా, ఎదగనివ్వకుండా చేసేది ఇదే.

సరిహద్దు దాటిన జీవితం

దేశ విభజన తర్వాత నాలుగేళ్లకు, 1951లో, పాకిస్తాన్ ప్రభుత్వ ఆహ్వానం మీద ఆయన కరాచీకి వెళ్లారు. అక్కడ శాస్త్ర పరిశోధనా మండలిని స్థాపించి, 1966 వరకు దానికి నాయకత్వం వహించారు. 1961లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను తన సభ్యునిగా ఎన్నుకుంది. పదవీ విరమణ వయసు దాటాక చాలామంది విశ్రాంతి కోరుకుంటారు. ఆయన మాత్రం కరాచీ విశ్వవిద్యాలయంలో రసాయన పరిశోధనా సంస్థను మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు డెబ్భై. 1976లో ఒక దాత కుటుంబం ఇచ్చిన పెద్ద విరాళంతో అది హుసైన్ ఇబ్రాహీం జమాల్ పరిశోధనా సంస్థగా పేరుపొందింది. 1990 వరకు, అంటే తొంభై దాటేవరకు ఆయన దాన్ని నడిపించారు. 1994 ఏప్రిల్ 14న గుండె ఆగి కరాచీలో మరణించారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

దేశాలకు సరిహద్దులుంటాయి. వేపచెట్టుకు మాత్రం లేవు. ఢిల్లీలో మొదలైన పని కరాచీలో కొనసాగింది, ఇంగ్లండ్‌లో ముందుకు సాగింది. దాని ఫలం మన తాండూరు, కొడంగల్ రైతు చేనుకు కూడా చేరింది.

మన చేనులో నెమ్మది పద్ధతి

ఈ మాట ఊరికే అనడం లేదు. కందికి పేరుమోసిన ప్రాంతం మనది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కందికి పెద్ద శత్రువు కాయతొలుచు పురుగు. దానికి వ్యవసాయ శాఖవారు చెప్పే ఒక ఉపాయం అయిదు శాతం వేప గింజల కషాయం. అయిదు కిలోల వేప పప్పును దంచి, పది లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. తెల్లవారి పలుచని గుడ్డతో వడకట్టి, మొత్తం వంద లీటర్లు అయ్యేలా నీళ్లు కలపాలి. ఆకులకు అంటుకోవడానికి కొంచెం సబ్బు పొడి కలపాలి.

పేరుకు కషాయమే కానీ ఇక్కడ పొయ్యి వెలిగించే పని లేదని గమనించండి. హకీములు ఖిసాందా అన్నదే ఇది. ఎందుకంటే అజాడిరక్టిన్ ఎక్కువ వేడికి, ఎండకు నిలవదు. అందుకే గింజలను ఎండలో కాక నీడలో ఆరబెట్టాలంటారు. నానబెట్టిన మందును నిల్వ పెట్టకుండా వాడుకోవాలంటారు. పిచికారీ సాయంత్రం చేయాలంటారు. ఏడాది దాటి పాతబడిన గింజల్లో బలం తగ్గిపోతుంది. ఎండకు విరిగిపోయే ఈ గుణమే ఒక విధంగా మనకు మేలు. రసాయన పురుగు మందుల మాదిరిగా అది నేలలో, నీటిలో ఏళ్ల తరబడి పేరుకుపోదు. నూనె గానుగ ఆడించాక మిగిలిన వేపపిండి మళ్లీ నేలకు ఎరువు అవుతుంది. ఏదీ వృథా కాదు.

పరిశ్రమల్లో కూడా ఇప్పుడు ఇదే దారి వెతుకుతున్నారు. నిజం చెప్పాలంటే, సలీముజ్జమాన్ కాలంలో ఈథర్, పెట్రోలియం ద్రావకాలు తప్పలేదు. వాటికి త్వరగా మంట అంటుకుంటుంది. పీల్చినవారికి హాని చేస్తాయి. నూనె మిల్లులు ఎక్కువగా వాడే హెక్సేన్ కూడా పెట్రోలియం నుంచి వచ్చేదే. అందుకే నీరు, ఆవిరి, చెరకు మడ్డి నుంచి తయారయ్యే ఆల్కహాల్ వంటి వాటితో ఆ పని చేయడం పెరుగుతున్నది. ఇంకొక విచిత్రమైన పద్ధతి కూడా ఉంది. మనం ఊపిరి వదిలినప్పుడు బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను 31 డిగ్రీలకు పైన, గాలి పీడనానికి 73 రెట్లు మించిన ఒత్తిడిలో ఉంచితే, అది వాయువులా చొచ్చుకుపోతూ ద్రవంలా సారాన్ని కరిగించుకుంటుంది. ఒత్తిడి తీసివేయగానే అది మళ్లీ వాయువై వెళ్లిపోతుంది, సారం ఒక్కటే మిగులుతుంది. ఆ వాయువును పట్టి మళ్లీ వాడుకోవచ్చు. కాఫీ గింజల నుంచి కెఫీన్ తీయడానికి, మసాలా దినుసుల సారం తీయడానికి ఈ పద్ధతి వాడుతున్నారు. ఇందులో మంట లేదు, మందులో విషపు జాడ మిగలదు.

అమానతును కాపాడుకుందాం

పద్ధతి ఎంత నెమ్మదిదైనా మనిషి ఆశ నెమ్మదిగా లేకపోతే ప్రయోజనం లేదు. సర్పగంధి కథే దీనికి సాక్ష్యం. దాని మందు వేరులో ఉంటుంది. వేరు తవ్వితే మొక్క చచ్చిపోతుంది. ప్రపంచమంతా దాని కోసం ఎగబడటంతో అడవుల్లో అది అరుదైపోయింది. చివరికి దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించవలసి వచ్చింది. వేపలో మేలు గింజలోనూ ఆకులోనూ ఉంది కనుక చెట్టు బతికి ఉండగానే మనం మందు పొందుతున్నాము. మొక్క నుంచి తీసుకోవచ్చు, కానీ మొక్కనే తుడిచిపెట్టకూడదు. మన చేతికి వచ్చినది మన సొంతం కాదు, అది అమానతు.

ఆశకు మరో రూపం కూడా ఉంది. వేపనూనెతో మొక్కల బూజు తెగుళ్లను అరికట్టే పద్ధతి తమదేనని ఒక అమెరికన్ కంపెనీ, అక్కడి వ్యవసాయ శాఖ కలిసి యూరప్‌లో 1994లో పేటెంటు పొందాయి. మన రైతులు ఎప్పటి నుంచో వాడుతున్నది వారిదెలా అవుతుందని మరుసటి ఏడాది అభ్యంతరం దాఖలైంది. 2000లో ఆ పేటెంటు రద్దయింది. అప్పీలు కూడా 2005లో కొట్టివేశారు. అమ్మమ్మ, నానమ్మలకు తెలిసినదాన్ని రాసి పెట్టుకోకపోతే, పరీక్షించి చూపకపోతే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. హకీమ్ అజ్మల్ ఖాన్ భయపడింది సరిగ్గా ఇందుకే.

ఒక హెచ్చరిక

ఇదంతా చదివి మూలికలన్నీ నిరపాయమని ఎవరూ అనుకోవద్దని మా మనవి. చెట్టు నుంచి వచ్చిందైనా మందు మందే. కొన్ని ఇళ్లలో పసిపిల్లలకు వేపనూనె తాగించే అలవాటు ఉంది. దానివల్ల వాంతులు, మూర్ఛలు వచ్చి పిల్లల ప్రాణాల మీదికి వచ్చిన సంఘటనలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి. సర్పగంధి వేరును కూడా సొంతంగా వాడకూడదు. అది రక్తపోటును ప్రమాదకరంగా పడగొట్టవచ్చు, మనసును కుంగదీయవచ్చు. రక్తపోటుకు, గుండెకు డాక్టరు ఇచ్చిన మాత్రలు ఆపేసి మూలికల వెంట పరుగెత్తడం కూడా అంతే అపాయం. మూలికలను గౌరవించినవారే వాటిని ప్రయోగశాలకు తీసుకెళ్లి పరీక్షించారన్న సంగతి మరచిపోకూడదు.

మనం నేర్చుకోవలసినవి

సోదర సోదరీమణులారా! ఈ జీవితం నుంచి మన ఇళ్లకు తెచ్చుకోవలసిన పాఠాలు చాలా ఉన్నాయి. ఫారసీ, తత్వశాస్త్రం చదివిన యువకుడు గొప్ప రసాయన శాస్త్రవేత్త కాగలిగారు. కనుక మీ పిల్లవాడు, మీ అమ్మాయి ఆలస్యంగా దారి మార్చుకుంటే నిరుత్సాహపరచకండి. ఆయన తన విజయానికి గురువు పేరు పెట్టారు. కనుక మనకు మేలు చేసినవారిని మరచిపోవద్దు. ఆయన తొంభై దాటేవరకు పని వదలలేదు. కనుక వయసును సాకుగా చూపవద్దు. అన్నిటికన్న ముఖ్యంగా, వాకిట్లోని వేపచెట్టును చూసి అందరూ నీడలో కూర్చుని లేచి వెళ్లిపోయారు. ఆయన మాత్రం దాన్ని ప్రశ్న అడిగారు.

ఈసారి వానలు మొదలై మీ వాకిట్లో వేపపండ్లు రాలినప్పుడు, చీపురు అందుకునే ముందు మీ పిల్లలను పిలవండి. గింజలు ఏరించండి, నీడలో ఆరబెట్టించండి. వంద సంవత్సరాల కిందట ఢిల్లీలో ఒక హకీమ్, ఆయన నమ్మిన ఒక యువకుడు కలిసి కన్న కల గురించి వాళ్లకు చెప్పండి. వాళ్లలో ఒక్కరైనా ఆ చేదులో ఇంకేముందో చూస్తానని అంటే, ఈ నాలుగు పేజీలు రాసిన మా శ్రమ ఫలించినట్లే.

ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దాన్ని నలుగురి మేలుకు వాడే మంచి మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.